ఆగిన బీటు

ఇక్కడ వదిలేసిన తన డ్రమ్ము పెడల్ కోసం వచ్చానన్నది సాకు మాత్రమే. తను మానేశాక బ్యాండులో పస చచ్చిపోయిందని కళ్లారా చూస్తే కడుపు చల్లబడుతుందని పాత డ్రమ్మరు ఆశ. రిహార్సల్ గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కొత్త డ్రమ్మరు ఒక అమ్మాయి. ఎంతసేపు విన్నా తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. కడుపు ఇంకా మండింది.

బ్యాండుకి పేరు తెచ్చిన పాత పాట ఎత్తుకున్నారు. పల్లవి చివర, రికార్డులో తను ఒక్క బీటు ఆగిన చోట జనం ఇప్పటికీ వెర్రెత్తిపోతారు. ఆమె కూడా అక్కడ ఆగింది, కానీ లెక్కపెట్టుకుని ఆగినట్టుంది. హమ్మయ్య అనుకున్నాడు.

పాట అవగానే ఆమె చెమట తుడుచుకుంటూ వచ్చింది.

"అన్నయ్యా, ఆ చోటు నాకు పట్టుబడట్లేదు. అక్కడ మీకేం తోచి ఆగారు?"

"అది లోపల్నుంచి రావాలమ్మా, నేర్పితే వచ్చేది కాదు. నేను వెళ్లాక ఈ బ్యాండులో లేకుండా పోయింది అదే."

ఆమె ముఖం చిన్నబోయింది.

"నిజమే. నిన్న ఒక్కసారి అచ్చం మీలాగే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. కానీ చెమటకి నా చేతిలో కర్ర జారిపడిందంతే. ఆ మాట అప్పుడే వాళ్లకి చెప్పేశాను."

పాత డ్రమ్మరు ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. రికార్డింగు రోజు అందరూ తనని వాటేసుకుంటుంటే, కిందపడ్డ కర్రని కాలితో స్పీకరు వెనక్కి నెట్టేసిన సంగతి ఇన్నేళ్లకి గుర్తొచ్చింది.