పని చేస్తుండగా ఒక ఫొటో

“కెమెరా వైపు చూడకు తాతయ్యా. నేనిక్కడ లేననుకుని నీ పని నువ్వు చేసుకో.”

మనవరాలు ఆ మాట అనడం ఇది ఐదోసారి. తాతయ్య ఒళ్ళో ఒక బూటు, చేతిలో తోలుకి బెజ్జం పెట్టే ఆరె. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు.

ఎదురుగా పెద్ద చెప్పుల షాపు తెరిచాక వీళ్ళ కొట్లోకి ఈగ కూడా రావడం లేదు. అందుకే ఆ పిల్ల కరపత్రాలు వేయిస్తోంది. పైన ‘నలభై ఏళ్ళ చేతికుట్టు’ అని పెద్దక్షరాలు. కింద ఫొటో. సాయంత్రంలోగా ప్రెస్సులో ఇవ్వాలి. ఈ నెల కూడా బేరాలు రాకపోతే ఇక షట్టరు దించెయ్యడమే.

“పాత ఫొటో ఏదో ఒకటి వేసెయ్యరాదూ?” అన్నాడు తాతయ్య.

“పాతవాటిలో అన్నిట్లోనూ నువ్వు కాళ్ళ కొలతలే తీసుకుంటున్నావు. కుడుతున్నది ఒక్కటీ లేదు. ఎదురు షాపు కరపత్రం చూశావా? పళ్ళికిలిస్తున్న ఆ మహానుభావుడు ఈ వీధి మొహం చూసినవాడే కాదు. కొనుక్కొచ్చిన ఫొటో! మనది నిజం ఫొటో తాతయ్యా. జనం పోల్చుకుంటారు.”

తాతయ్య ఒళ్ళోని బూటు మీద దుమ్ము తుడిచాడు.

పని ఎప్పుడూ తెర వెనకే జరిగేది. ఎవరైనా చూస్తుంటే చెయ్యి ఆడదనేవాడు. పేపరు చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళేవాడు. వెనకే టీ గ్లాసుతో నాయనమ్మ వెళ్ళేది. కాసేపటికి టక్ టక్‌మని సుత్తి మోగేది. ఆవిడ మళ్ళీ ఏ రెండు గంటలకో గానీ బయటికి వచ్చేది కాదు.

“మేస్త్రీ గారిది ఇంకా కొత్త కాపురమే!” అని బేరాలకి వచ్చినవాళ్ళు వేళాకోళమాడేవారు.

ఆవిడ పోయి మూడు నెలలు. అప్పట్నుంచీ ఒక్క జత కూడా బయటికి రాలేదు. చేతికి పని పట్టడం లేదంటాడు. ఇవాళ మనవరాలే తెర లాగి పక్కకి కట్టింది. గోడవారన పొట్టి పీట మీద కూర్చోమంటే, “అది ఖాళీ లేదమ్మా” అని కుర్చీ తెచ్చుకున్నాడు.

ఉన్నట్టుండి తల వంచి, పీట వైపు చెవి పెట్టాడు.

“వినబడుతోందా?”

“ఏంటి తాతయ్యా?”

“సుత్తి.”

పిల్ల కిందికి చూసింది. సుత్తి ఆయన కాళ్ళ దగ్గరే పడి ఉంది. దాని మీద దుమ్ము కూడా చెదరలేదు.

“ఊరుకో తాతయ్యా, భయపెట్టకు. పోనీ, చేతులొక్కటే తీస్తాను.”

దగ్గరగా వెళ్ళి తీసింది. ఫోనులో పెద్దది చేసి చూసింది. మైనపు దారం లాగి లాగి, కుట్టేవాళ్ళ వేళ్ళకి గాట్లు పడతాయని విన్నది. ఈ వేళ్ళు పసిపిల్లాడివిలా నున్నగా ఉన్నాయి.

“మూణ్ణెల్లు పని మానేసరికి గాట్లన్నీ మానిపోయాయే!” అంది.

తాతయ్య ఆరెని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“నేను పక్కన పేపరు చదువుకుంటూ కూర్చునేవాణ్ణి తల్లీ, దీన్ని మీ నాయనమ్మ ఏ చేత్తో పట్టుకునేదో కూడా ఎప్పుడూ చూడలేదు.”