ముప్ఫై తొమ్మిదో జవాబు

ముప్ఫై ఎనిమిది పేపర్లు దిద్దేసరికి నీతి మాస్టారు ఉబ్బితబ్బిబ్బైపోయారు. ముప్ఫై తొమ్మిదోది చూడగానే ఒళ్ళు మండిపోయింది.

నర్సుల శిక్షణ కేంద్రంలో ఆయన చెప్పేది వృత్తి విలువలు. నడవాలో ఎవరు ఎదురైనా ఆపి ఓ సూక్తి వినిపించందే వదలరు. నీతి మాస్టారన్నది అమ్మాయిలు విసుగెత్తి పెట్టిన పేరు. ఆయన బిరుదనుకున్నారు, పాపం.

విలువల పరీక్షకి ప్రశ్న ఒక్కటే. "మీ పై అధికారి మీ కళ్ళముందే తప్పు చేస్తే ఏం చేస్తారు?"

ముప్ఫై ఎనిమిది మందీ రాశారు: "ఏమాత్రం జంకకుండా, వెంటనే పైవారికి తెలియజేస్తాను."

చివరి బెంచీ అమ్మాయి మాత్రం రాసింది: "నోరు మూసుకుంటాను. నాకు ఉద్యోగం కావాలి."

మాస్టారు దానికి గుండుసున్నా చుట్టి, పేపర్ల కట్టతో సహా ఆ అమ్మాయిని ప్రిన్సిపాల్ గదికి లాక్కెళ్ళారు.

"చూడండి మేడమ్! ఇలాంటి పిల్ల చేతికా మనం రోగుల్ని అప్పగించేది?"

ప్రిన్సిపాల్ పేపర్లు తిరగేశారు. "మిగతావాళ్ళంతా ఒకేలా రాశారేంటండీ? కామాతో సహా!"

"విలువలు అందరికీ ఒకటే కదండీ." మాస్టారు ఛాతీ విరుచుకున్నారు. "ఏడాదంతా నూరిపోశాను మరి."

ఆవిడ ఆ కామా సంగతి ఇంక తవ్వలేదు. నూటికి తొంభై ఏడు మంది పాసైతే గేటు దగ్గర బోర్డు మీద రాయించుకోవచ్చు. అంతకన్నా ఆవిడకి కావాల్సిందేముంది?

అమ్మాయి సంగతి వేరు. ఈ పరీక్ష పోతే సర్టిఫికెట్ రాదు. సోమవారం చేరాల్సిన ఆస్పత్రి ఉద్యోగం ఇంకొకరి పాలవుతుంది. మంచం పట్టిన నాన్నకి ఆ ఉద్యోగమే దిక్కు.

"ఇలా ఎందుకు రాశావమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఏం చేస్తారని అడిగారు కదండీ. చేసేదే రాశాను."

"సిగ్గులేదూ?" మాస్టారు కస్సుమన్నారు. "అంతమందికి ఉన్న ధైర్యం నీకేమైంది?"

అమ్మాయి ఆయన మొహంలోకి ఒక్కసారి చూసింది. తర్వాత తల దించుకుంది.

"చెప్పుకోవాల్సిందేమైనా ఉందా?" ప్రిన్సిపాల్ పెన్ను తీశారు.

"ఏం లేదు మేడమ్."

ఆవిడ సున్నా కింద సంతకం పెట్టారు.

ముందురోజు పరీక్ష జరుగుతుండగా హాలుకి లోపలినుంచి గడియ పెట్టి, ఆ జవాబుని కామాతో సహా చదివి అందర్నీ రాసుకోమని చెప్పింది నీతి మాస్టారే.