పద్దెనిమిదో వరుసలో తప్పు

ఒక టోపీ. మామూలు ఉన్ని టోపీ. దానికి ఒకటిన్నర రోజు!

భూతద్దం గోడ గడియారం చూసి పళ్ళు నూరుకున్నాడు. అల్లికల ఫ్యాక్టరీలో చెకింగ్ సూపర్‌వైజరుగా చేరి మూడు నెలలైంది. జేబులో ఎప్పుడూ భూతద్దం పెట్టుకుని తిరుగుతాడని పనివాళ్ళు ఆ పేరు తగిలించారు. వెటకారమని తెలియక దాన్ని బిరుదే అనుకున్నాడు.

హాల్లో ఎనిమిది మిషన్లు. ఒక్కోటి పావుగంటకో టోపీ కక్కుతుంది. వాటి మధ్య, కిటికీ పక్క కుర్చీలో మామ్మగారు. ఆవిడ చేతిలో వైరుతో కలిపిన రెండు సూదులు, ఆ వైరు చుట్టూ తొంభై ఆరు కుట్లు. రెండు సూటి కుట్లు, రెండు తిరగ కుట్లు, మళ్ళీ రెండు సూటి, రెండు తిరగ. గుర్తుకి తగిలించిన ఎర్ర రింగు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరిగి మళ్ళీ ఎర్ర రింగు దగ్గరికొస్తే ఒక వరుస. అతుకు లేదు, మతలబు లేదు. బడి పిల్లలు కూడా చేసే పని.

ఆ పాటి పని కూడా ఆవిడకి రాదు. ఇంతవరకూ తప్పు లేని టోపీ ఒక్కటి అల్లిన పాపాన పోలేదు.

సోమవారం ఓనరు పిలిచి చెప్పాడు. "కొత్త మిషన్ వస్తోందయ్యా. హాల్లో ఒక మనిషి ఎక్కువవుతారు. ఎవరు అక్కర్లేదో శనివారానికి నువ్వే తేల్చు."

తేల్చడానికేముంది? ఎవరి పేరు చెప్పాలో భూతద్దానికి ఆ నిమిషానే తెలుసు. అయినా పద్ధతి పద్ధతే కాబట్టి, వెళ్ళి ఆవిడ కుర్చీ ముందు నిలబడ్డాడు.

"ఏం మామ్మగారూ! పొద్దుటి నుంచి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. అది కూడా టోపీ అడిగిందా?"

"ఆలోచిస్తున్నా బాబూ."

"టోపీకి ఆలోచనేంటండీ? రెండు సూటి, రెండు తిరగ. నిద్రలో కూడా అల్లెయ్యొచ్చు."

"అదే బాబూ నా బాధ," అంది ఆవిడ.

మతి కూడా పోయిందన్నమాట. భూతద్దం మిషన్ ఆపరేటరు వైపు తిరిగి కన్ను గీటాడు. ఆపరేటరు నవ్వలేదు.

"ఆవిడ జోలికెందుకు సార్? మనవరాలి చదువంతా ఆ సూదుల మీదే నడుస్తోంది."

"సూదుల మీద నడిస్తే కాళ్ళకి గుచ్చుకుంటుంది. చదువు మాన్పించమను," అన్నాడు భూతద్దం. తన మాటకి తనే పడీపడీ నవ్వుకున్నాడు.

జాలికి అలవాటుపడ్డ చోట పని ఇలాగే తగలడుతుంది. ఆవిడ గాలి మిషన్లకి కూడా సోకింది. రోజూ ఏదో ఒక మిషన్ శుభ్రంగా అల్లుతూ అల్లుతూ ఒక కుట్టు తిరగేసి కూర్చుంటుంది. అడిగితే ఆపరేటరుకి చీమ కుట్టినట్టయినా ఉండదు. "పైనుంచి ఎలా చెబితే అలా నడుపుతున్నాను సార్" అంటాడు. అలాంటి టోపీలన్నీ ఏరి భూతద్దం పనికిరానివాటి బుట్టలో పడేసేవాడు. సాయంత్రం ఓనరు స్వయంగా దిగొచ్చి ఆ బుట్టని పైకి పట్టుకెళ్ళేవాడు. పైన ప్యాకింగ్ గది. అక్కడికి ఓనరు ఇంటివాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. పాపం పెద్దమనిషి, చెత్త కూడా తనే మోసుకుంటున్నాడని భూతద్దం నొచ్చుకునేవాడు.

శనివారం భూతద్దం ఓనరు బల్ల మీద మామ్మగారి టోపీలు ఏడు వరసగా పరిచాడు. ప్రతి తప్పు దగ్గరా ఎర్ర దారం ముడి వేసి మరీ తెచ్చాడు.

"చూడండి సార్. ఇందులో వరుస మొదలైన చోట మెట్టులా లేచింది. ఇందులో నెత్తి దగ్గర ఒక కుట్టు తగ్గించడం మర్చిపోయింది, టోపీ ఒక పక్కకి ఒరిగింది. ఇక ఇదైతే మరీ ఘోరం. పద్దెనిమిదో వరుసలో సూటి అల్లాల్సిన చోట తిరగ అల్లింది. ఒకే ఒక్క కుట్టు! ఆ నిలువు చారంతా పాడైపోయింది."

ఓనరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. పద్దెనిమిదో వరుసని వేలితో తడిమాడు.

"ఇది పట్టుకోడానికి నీకెంతసేపు పట్టింది?"

"భూతద్దంతో అరగంట సార్!" అని ఛాతీ విరిచాడు.

"అంటే కంటికి చప్పున ఆనదు. వేలికి మాత్రం తగుల్తుంది."

"అంత దొంగ తప్పు సార్! ఆ గోడకేసి చూస్తూ చేసే నిర్వాకం ఇదీ. పొమ్మని మీరు చెప్పలేకపోతే నేను చెబుతాను. నాకలాంటి మొహమాటాల్లేవు."

ఓనరు ఆ టోపీని జాగ్రత్తగా సొరుగులో పెట్టాడు. మిగతా ఆరింటినీ కూడా ఒక్కొక్కటే దులిపి, మడిచి, దాని పక్కనే సర్దాడు. పారేసే సరుకుకి ఆ మర్యాదేమిటో భూతద్దానికి అర్థం కాలేదు.

"ఒక మనిషి ఎక్కువన్నది నిజమేనయ్యా. సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

"నేనా సార్? తప్పులు చేసింది ఆవిడైతే, పోవాల్సింది నేనా?"

"తప్పులు పట్టేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు," అన్నాడు ఓనరు సొరుగు మూస్తూ, "మిషన్ టోపీలకి 'చేత్తో అల్లినది' అని చీటీ కుట్టి అమ్ముకుంటున్న నాకు, మిషన్లకి తప్పులు నేర్పే మనిషి మాత్రం ఆవిడొక్కతే."