ఇల్లుచూపులు

తలుపు చప్పుడు వినగానే బెరిల్ గాభరాగా లేచింది.

"వచ్చేశారు! నారిస్, ఆ రబ్బరు చెప్పులు తీసి పైన పారెయ్! అవి కొరికి మింగిందంటే దాని ప్రాణానికే ముప్పట."

"నా ఇంట్లో నా చెప్పులకే దిక్కు లేకుండా పోయింది," అంటూనే మొగుడు చెప్పులు చంకన పెట్టుకుని మెట్లెక్కాడు.

ఇంత హడావుడీ కొత్త అల్లుడి కోసం కాదు. పార్కిన్ అనే ఫెరెట్ కోసం. ముంగిసకి వేలువిడిచిన చుట్టంలా పొడుగ్గా, బెల్లం రంగులో ఉంటుంది. ఇంగ్లండులోని ఈ యార్క్‌షైర్‌లో ఫెరెట్లని పెంచుకోవడం కొత్తేమీ కాదు. కానీ దిక్కులేని ఫెరెట్లని సాకే కేంద్రం వాళ్లు మాత్రం ఇల్లు చూడందే ఇవ్వరు. ఇల్లు నచ్చకపోతే పార్కిన్ లీడ్స్‌లో ఇంకెవరికో వెళ్లిపోతుంది. బెరిల్ ఆర్నెల్లుగా ఒక ఫెరెట్ కోసం కలవరిస్తోంది.

గుమ్మంలో ఒక ముసలాయన. నెత్తిన టోపీ, చేతిలో టార్చి.

"పార్కిన్ వచ్చేది ఈ ఇంటికేనా, అమ్మాయ్?"

"ఇక్కడికేనండీ! రండి సార్, మీకోసమే చూస్తున్నాం."

ఆయన తిన్నగా వంటింట్లోకి నడిచి, మూలుగుతూ మోకాళ్ల మీద కూర్చుని, అల్మరా కిందికి టార్చి వేశాడు.

"ఇక్కడ సందుంది."

"రెండు వేళ్లు కూడా పట్టవు కదా సార్!"

"తల దూరితే ఒళ్లంతా దూరినట్టే. రేపీపాటికి వాడు పక్కింటి వంటింట్లో ఉంటాడు."

నారిస్ చెక్కముక్క, సుత్తి తెచ్చాడు. ముసలాయన వాటిని లాక్కుని తనే మేకులు కొట్టాడు.

ఇంత పని చేసే ఇన్‌స్పెక్టర్ని బెరిల్ ఎక్కడా చూడలేదు. టీ పెడదామని కెటిల్ అందుకోబోతే నారిస్ చెయ్యి పట్టుకున్నాడు.

"లంచం అనుకుంటాడు!" అని గుసగుసలాడాడు.

ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకపోతే ఆ వీధిలో ఎంత అప్రదిష్టో ఇద్దరికీ తెలుసు. అయినా పంటి బిగువున ఊరుకున్నారు.

స్నానాల గదిలో ముసలాయన గులాబీ షాంపూ సీసా పైకెత్తి చూశాడు.

"ఇదెవరికి?"

"పార్కిన్‌కే సార్. రోజూ స్నానం చేయిస్తాను."

"చంపావు పో! వాణ్ణి ఎంత కడిగితే అంత కంపు కొడతాడు. కడగడం మానేస్తే కాస్త తక్కువ."

"అంటే కంపు మాత్రం తప్పదన్నమాట," అన్నాడు నారిస్.

"తప్పదు. నెల తిరిగేసరికి నీ ముక్కుకి అలవాటైపోతుంది. చుట్టాలే రావడం తగ్గిస్తారు."

"అయితే ఇవాళే పంపించెయ్యండి!"

ఆ సరదా హాల్లోకి రాగానే ఆవిరైపోయింది. మీట లాగితే వెనక్కి వాలే నారిస్ కుర్చీ ముందు ముసలాయన ఆగిపోయాడు.

"ఇది తీసెయ్యాలి. వాడు దీని లోపల దూరి పడుకుంటాడు. నువ్వు చూడక మీట లాగావంటే నలిగిపోతాడు."

నారిస్ కుర్చీకి అడ్డంగా నిలబడ్డాడు. "నేనైనా పోతాను గానీ నా కుర్చీ పోదు!"

"ఎవరో ఒకరు త్వరగా పోండి," అంది బెరిల్.

నారిస్ సణుక్కుంటూ కుర్చీని పెరట్లోకి ఈడ్చాడు.

"ఇంకొక్కటి," అన్నాడు ముసలాయన. "ఒక్కోసారి వాడు తడిగుడ్డలా వేలాడిపోతాడు. పిలిచినా లేవడు, కుదిపినా లేవడు. ఏడవకు. అది నిద్రే. ముక్కు దగ్గర కాస్త గుడ్డు పచ్చసొన పెట్టు. నాకు తెలిసిన వెర్రిబాగులవాడొకడు, చచ్చిపోయాడనుకుని పెరట్లో గొయ్యి తవ్వి, టోపీ తీసి ప్రార్థన కూడా మొదలెట్టాడు. ఆమెన్ అనేలోగా వీడు ఆవులించాడు."

బెరిల్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు.

"మరి మేం పాసయ్యామా సార్?"

ఆయన ఇల్లంతా మరోసారి కలియజూశాడు.

"ఇంతకంటే మంచి ఇల్లు దొరకదు వాడికి."

బెరిల్‌కి ఎగిరి గంతెయ్యాలనిపించింది.

గుమ్మం దాకా వెళ్లినవాడు ఆగాడు. "అప్పుడప్పుడు వచ్చి చూసిపోవచ్చా అమ్మాయ్? ఊరికే, అయిదు నిమిషాలు."

ఇంకోసారి వస్తే ఇంకేం తీసెయ్యమంటాడోనని బెరిల్‌కి భయం వేసింది.

"ఇల్లు చూడ్డం ఒక్కసారేనని మీ కేంద్రం కాగితంలో రాశారు కదండీ. ఇంక రానవసరం లేదు సార్."

"అవునవును. అదీ నిజమే," అని ఆయన టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

నాలుగింటికి మళ్లీ తలుపు చప్పుడు. ఈసారి పిల్లుల బుట్టలాంటిది పట్టుకుని, కేంద్రం నడిపే మిసెస్ థాక్రే. బుట్టలో పార్కిన్ గుర్రు పెట్టి నిద్రపోతోంది.

"ఆలస్యమైందమ్మా. ముందు ఇల్లు చూసేస్తాను."

"మళ్లీనా? పొద్దున మీ ఇన్‌స్పెక్టర్ గారు చూసివెళ్లారుగా!"

"నాకు ఇన్‌స్పెక్టర్ ఎక్కడున్నాడమ్మా? ఇల్లు చూడ్డానికైనా, పెంటలు ఎత్తడానికైనా నేనొక్కదాన్నే."

"టోపీ, టార్చి... మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నట్టున్నాయి. మేకులు కూడా ఆయనే కొట్టారు."

మిసెస్ థాక్రే బుట్ట కింద పెట్టి, మెట్టు మీద కూలబడింది.

"ఓల్డ్‌రాయిడ్ తాత! ఏ ఇంటికిస్తున్నావని ప్రాణం తీస్తుంటే నిన్న నోరు జారాను."

"ఎవరాయన? ఎవరో ఏమిటో అడక్కుండా ఇంక రావద్దనేశానే!" బెరిల్ మొహం చిన్నబోయింది.

మిసెస్ థాక్రే బుట్ట మీద చెయ్యి వేసింది.

"ఇవాళే కొండ మీది వృద్ధాశ్రమంలో చేరాడమ్మా. అక్కడ జంతువుల్ని ఉండనివ్వరని, ఏడేళ్లు చొక్కాలో పెట్టుకుని పెంచిన వీణ్ణి మా చేతిలో పెట్టింది ఆయనే."