ఎక్కదగ్గది కాదు

జీపు ఆగినా జడ్జిగారు దిగలేదు. అద్దంలోంచే కొండని చూసి పెదవి విరిచాడు.

"ఇదా?"

"ఇదే బావా," అన్నాడు బావమరిది స్టీరింగు మీద వాలిపోయి. "ఎడారి దుమ్మంతా మింగి వచ్చింది దీనికోసమే."

జడ్జిగారికి కోర్టూ లేదు, నల్లకోటూ లేదు. కొండలెక్కేవాళ్ల సంఘం ఏటా ఒక పుస్తకం వేస్తుంది. ఏ కొండ ఎక్కదగ్గది, ఏది కాదు అని అందులో తీర్పు రాసేది ఆయన. ఆయన ఊఁ అంటే జనం ఆ కొండకి బారులు తీరుతారు. ఊహూఁ అంటే దాని మొహం ఎవడూ చూడడు.

కొండ కింద ఒక వసతి గృహం ఉంది. రెండు గదులు, ఒక వరండా, ఒక నీళ్ల తొట్టి. మిగతాదంతా ఇసక. వాచ్‌మన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"మీ పుస్తకంలో పడకపోతే దీన్ని మూసేస్తామన్నారు బాబూ," అన్నాడు కుర్చీ తుడుస్తూ. "నీళ్ల లారీ కూడా ఆపేస్తారంట. పెళ్లాం పిల్లలతో ఎటు పోవాలో తెలీదు. మీరే దయ చూడాలి."

"కొండ బాగుంటే రాస్తాను. నీ మొహం చూసి రాయను."

"అంతేగా బాబూ."

వరండా చివర ఒకావిడ బకెట్టు నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. లావు. పక్కన రబ్బరు చెప్పులు. చేతి వేళ్ల కొసల దగ్గర చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. అంట్లు తోమీ తోమీ అలా అయ్యాయనుకున్నాడు జడ్జిగారు.

"వంటమనిషా?"

"కాదు బాబూ. మొన్నెప్పుడో నడుచుకుంటూ వచ్చింది. దాహమంటే నీళ్లిచ్చాను."

ఆవిడే పలకరించింది. "కొండెక్కడానికొచ్చారా నాయనా?"

ఆ 'నాయనా' జడ్జిగారికి గుచ్చుకుంది.

"కాదు. అది ఎక్కదగ్గదో కాదో తేల్చడానికి."

"ఎక్కకుండా ఎలా తేలుస్తారు?"

బావమరిది కిసుక్కున నవ్వాడు. జడ్జిగారు అతని వైపు ఒక చూపు విసిరాడు.

"అనుభవం ఉన్నవాడికి కింద నిలబడితే చాలమ్మా."

"ఎక్కదగ్గదే," అంది ఆవిడ పాదాలు తుడుచుకుంటూ. "పొద్దున్నే దిగొచ్చాను. పెద్ద కష్టమేం కాదు. చివర్లో కాస్త చూసుకోవాలంతే."

జడ్జిగారు ఆవిడ పొట్టనీ, మోకాళ్లనీ, చెప్పులనీ వరసగా చూశాడు.

"కొన దాకా వెళ్లావా?"

"వెళ్లాను."

"వీటితోనా?"

"పాదాలు వాచాయి నాయనా. ఇప్పుడివే హాయి."

"పైన కూరగాయలు చవకా పెద్దమ్మా?" అన్నాడు బావమరిది.

"గాలి బాగుంది," అని ఆవిడ కూడా నవ్వింది. "కావాలంటే రేపు మీతో వస్తాను. దారి చెప్తాను."

"తర్వాత నిన్ను కిందికి మోసుకొచ్చేదెవరు?" అన్నాడు జడ్జిగారు.

వాచ్‌మన్‌కి ఒళ్లు మండింది. జడ్జిగారి మీద కాదు, ఆవిడ మీద.

"మీరు ఊరుకోండమ్మా. పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో మీకెందుకు? మా పొట్ట కొట్టేలా ఉన్నారు."

ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుని, చెప్పుల్లో కాళ్లు దూర్చి, బస్సు రోడ్డు వైపు ఇసకలో నిదానంగా నడిచిపోయింది.

"చూశావా ఆ నడక," అన్నాడు జడ్జిగారు. "అలాంటి మనిషి ఎక్కిన దాని మీద నేను కాలు పెట్టాలా?"

"అయితే మనం ఎక్కడం లేదన్నమాట." బావమరిదికి ప్రాణం లేచొచ్చింది. "పద బావా, చీకటి పడకముందే ఊళ్లో పడదాం."

వాచ్‌మన్ జీపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఒక్కసారి ఎక్కి చూడండి బాబూ. ఆవిడేదో కోతలు కోసింది."

"కోతలు కాదు. అబద్ధం చెప్పే మొహం నాకు తెలుసు. ఆవిడ నిజంగానే ఎక్కింది. అదే నీ కొండ ఖర్మ."

పుస్తకంలో ఆ కొండకి ఒక్క వాక్యం దక్కింది. ముసలమ్మలు చెప్పులేసుకుని ఎక్కే దిబ్బ, ఎక్కదగ్గది కాదు.

అది చదివి సంఘంలో పడీ పడీ నవ్వారు. వసతి గృహానికి తాళం పడింది. నీళ్ల లారీ ఆగిపోయింది. వాచ్‌మన్ కుటుంబం ఎటు పోయిందని ఆ నవ్వినవాళ్లలో ఒక్కడూ అడగలేదు.

మరుసటి ఏడు సంఘం ఆఫీసుకి ఒకతను వచ్చాడు. చెంప చెక్కుకుపోయింది, చేతికి కట్టు. పెద్ద పెద్ద శిఖరాలు ఎక్కినవాడని పేరున్న మనిషి. జడ్జిగారే లేచి కుర్చీ వేశాడు.

"దిబ్బ అని రాశారు మీరు," అన్నాడతను కూర్చోకుండానే. "అది నమ్మి ఒక్కపూట సరదాకి ఎక్కుదామని వెళ్లాం, తాళ్లు సరిపడా పట్టుకెళ్లలేదు. నా స్నేహితుడికి కాలు తీసేశారు."

జడ్జిగారు అతని కట్టు వైపు చూశాడు. "అంత కష్టమని ఎవరూ చెప్పలేదే?"

"ఇంతకుముందు వెళ్లి వెనక్కొచ్చినవాళ్లు ఎందుకు చెప్పుకుంటారు, పరువు తక్కువ. మా గతి చూశాక ఒక్కొక్కరే ఒప్పుకుంటున్నారు, సగంలోంచి దిగి వచ్చేశామని."

"లేదయ్యా, ఒకావిడ ఎక్కింది. నేను స్వయంగా మాట్లాడాను. లావుగా, చెప్పులేసుకుని..."

అతను అప్పుడు కూర్చున్నాడు.

"ఆవిడ మీతో మాట్లాడారా?"

"దారి చెప్తానంది. వద్దన్నాను."

"నాకు తాడు కట్టుకోవడం నేర్పింది ఆవిడే," అన్నాడతను గొంతు తగ్గించి. "ఆ కొండ కొన మీద ఇప్పటిదాకా నిలబడ్డ మనిషి కూడా ఆవిడొక్కరే."