ఏడింటికి తమార్, తొమ్మిదింటికి లాలే

“ఇయ్యాల ఇంకో ఓడ మీద క్షిపణి పడ్డదట గదా బిడ్డా! మీ ఇంట్ల ఉన్న పిల్లలు గా దేశాలోళ్లేనంటివి?” ఫోన్‌లో తల్లి చంద్రకళ గొంతు కంగారుగా ఉంది.

“అదేనమ్మా నా భయం. లాలేది ఇరాన్, తమార్‌ది ఇజ్రాయెల్. శుక్రవారం లోపల నలుగురం లీజు మీద సంతకాలు పెట్టాలె. ఒక్కరు కాదన్నా ఇల్లు పోతది. ఈ లాక్‌డౌన్‌ల ఇంకో ఇల్లు ఎవరిస్తరు?” అంది యోగిత.

“నాలుగో పిల్ల నవీననే గదా? ఆమెతోని మాట్లాడుతున్నవా?”

“ఆ పేరెత్తకు. నాకు దగ్గొస్తే కరోనా అని తెలుగోళ్ల గ్రూపుల పెట్టింది. నేనెట్ల మాట్లాడుత?”

అంతలో నవీన మెట్లెక్కి వస్తూ కనిపించింది. యోగిత చప్పున గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది, కాస్త గట్టిగానే.

వారం రోజులుగా ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఐర్లండ్‌లో తాముండే బాలింకాలిగ్ దాటి అడుగు పెడితే గార్డులు, అంటే అక్కడి పోలీసులు, ఆపి ఎక్కడికని అడిగే రోజులు. క్లాసులన్నీ ఆన్‌లైన్, మనసేమో అరేబియా సముద్రంలో. ఎక్కడో ఓడలు మునిగితే ఇక్కడ తన ఇల్లు మునిగేలా ఉంది.

లాలే, తమార్ పోట్లాడుకోగా ఆమె ఎన్నడూ చూడలేదు. అసలు ఇద్దరూ ఒకచోట ఉండగానే చూడలేదు. తమార్ ఏడింటికి నవీనను వెంటబెట్టుకుని వంటింట్లోకి వెళ్తుంది. లాలే తొమ్మిదింటికి వచ్చి యోగిత తలుపు తడుతుంది. మధ్యలో ఆకలేసి యోగిత కిందికి దిగబోతే, “ఆగు, ఇంకా ఖాళీ కాలేదు” అంటూ లాలేనే చెయ్యి పట్టుకుని ఆపేస్తుంది. ఉప్పూ నిప్పూ ఒకచోట ఎలా ఉంటాయి, పాపం అనుకునేది యోగిత.

మొన్నటికి మొన్న లాలే నీలం గిన్నె తమార్ గదిలో కనిపించింది. ఇంకేముంది, దొంగతనం దాకా వచ్చిందని హడలిపోయి, ఎవరూ చూడకుండా తెచ్చి కడిగి, ప్రెస్‌లో, అంటే గిన్నెల అలమారాలో, లాలే అరలో పెట్టేసింది. ఓ యుద్ధాన్ని ఆపినంత తృప్తి కలిగింది.

గురువారం ధైర్యం చేసి లాలేనే అడిగింది.

“సంతకం పెడతావు కదా?”

“ఏమో. మొహమొహాలు చూసుకోని ఇంట్లో ఇంకో ఏడాదా? తలుపు చప్పుడైతేనే నాకు గుండె దడ.”

తమార్‌ని కదిపితే ఆమెదీ అదే పాట. “ఈ కాపలా ఇక నావల్ల కాదు, యోగితా.”

యోగిత గుండెల్లో రాయి పడింది. మర్నాడు పొద్దున్నే తగుదునమ్మా అని అందరినీ వంటింట్లోకి పిలిచింది. నవీన కూడా వచ్చి ఫ్రిజ్ పక్కన అటు తిరిగి నిలబడింది. యోగిత ఆమె వైపు చూడకుండానే మొదలుపెట్టింది.

“మీ దేశాలు కొట్టుకుంటే మీరేం చేస్తారు? ఉండేది ఒకే కప్పు కింద. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరే కదా చూడాలి? పాతవన్నీ మరిచిపోండి. ఒక్కసారి పలకరించుకోండి, చాలు.” చెబుతుంటే ఆమె కళ్లలోనే నీళ్లు తిరిగాయి.

తమార్ లాలే వైపు చూసింది. లాలే నవ్వు ఆపుకోలేక ప్రెస్ తెరిచి, నీలం గిన్నె తీసి తమార్ చేతిలో పెట్టింది.

“నిన్నంతా దీనికోసమే వెతికాను,” అంది తమార్. “నువ్వు క్లాసులో ఉన్నప్పుడు రోజూ మధ్యాహ్నం మేమిద్దరం కలిసే తింటాం, యోగితా.”

“మరి... ఒకరు ఏడింటికి, ఒకరు తొమ్మిదింటికి?”

లాలే యోగితనూ నవీననూ మార్చి మార్చి చూసింది.

“ఆ వేళలు పెట్టింది మీ ఇద్దరి కోసం.”