ముప్పై మూడు రోజుల సంజాయిషీ

“నాకు కామెర్లు రాలేదు మేడమ్,” అంది కమలిని.

చిత్తూరు కోర్టు హాలులో ఆమె లాయరు మునిప్రసాద్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. విడాకుల తీర్పు మీద అప్పీలు వేయడానికి గడువు తొంభై రోజులైతే, ఈమె వేసింది నూట ఇరవై మూడో రోజున. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ రాసి, కారణం దగ్గర అలవాటు ప్రకారం కామెర్లు పెట్టాడాయన. ఆయన ఆఫీసులో గడువు దాటిన ప్రతి కక్షిదారుకూ కామెర్లే వస్తాయి.

“వచ్చినాయని ఒప్పుకుంటే నీ సొమ్మేం పోతాదమ్మా?” అన్నాడు పళ్ళ బిగువున.

“దేవుని మీద ప్రమాణం చేయించి అబద్ధం చెప్పమంటే ఎట్ల సార్?”

జడ్జమ్మ కళ్ళజోడు సవరించుకుంది. “సరే, కామెర్లు లేవు. మరి ముప్పై మూడు రోజులు ఏం చేశావమ్మా? ప్రతి రోజుకూ కారణం చెప్పాలి. చెప్పలేకపోతే పిటిషన్ కొట్టేస్తాను. ఇక అప్పీలూ ఉండదు, నీ పెళ్ళీ ఉండదు.”

కమలినిది పదకొండేళ్ళ కాపురం మరి. హాలు చివరి బెంచీ మీద, లాయరు కూడా లేకుండా, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని ఆమె భర్త సౌందరరాజన్ నేలచూపులు చూస్తున్నాడు. విడాకులు కావాలని కేసు వేసిందీ ఆయనే, గెలిచిందీ ఆయనే.

“మంచి రోజు దొరకలేదు మేడమ్,” అంది కమలిని.

“ఏమిటీ?”

“గడువు ఉండంగానే వేద్దామనుకున్నాను. అంతలో ఆషాఢం వచ్చేసె. ఆషాఢంలో ఎవురన్నా మంచి పని మొదలుపెడతారా? ముప్పై రోజులు అట్ల పోయినాయి. శ్రావణం వచ్చినాక రెండు రోజులు నా నక్షత్రానికి తారాబలం లేదు. మూడో రోజు పొద్దున్నే వేసేసినాను.”

హాలంతా గొల్లుమంది. జడ్జమ్మ వేళ్ళు మడిచి చూసుకుంది. లెక్క మాత్రం ఒక్క రోజు కూడా తప్పలేదు.

“ఏ సిద్ధాంతి పెట్టాడమ్మా ఈ ముహూర్తం?”

“ఇంకెవురు మేడమ్, మా ఆయనే. ఫోన్ చేసి అడిగినాను. బోరు వేయాలన్నా, బండి కొనాలన్నా తిరుపతిలో ఎంతమందో ఆయన్నే అడుగుతారు. ఇంట్లో మనిషిని పెట్టుకోని బయట యాడికి పోయేది?”

మునిప్రసాద్ ఎగిరి లేచాడు. కామెర్ల కన్నా పదింతలు మేలైన కారణం దొరికింది! “మోసం మేడమ్! ఎవరి మీద అప్పీలో ఆయన్నే ముహూర్తం అడిగింది ఈ పిచ్చితల్లి. గడువు దాటేదాకా ఆయన ఈమెను కూర్చోబెట్టినాడు!”

కమలినికి ఆ ఆలోచనే రాలేదు ఇంతవరకు. వెనక్కి తిరిగి భర్త వైపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి ఇంత పని చేస్తాడా అనుకుంది.

జడ్జమ్మ ముఖంలో నవ్వు పోయింది. “సౌందరరాజన్ గారూ, ముందుకు రండి. గడువు ఎప్పటితో అయిపోతుందో మీకు తెలుసా?”

“తెలుసు మేడమ్.”

“తెలిసే ఆషాఢం దాటాక వేయమన్నారా?”

“అవును మేడమ్.”

“ఎందుకు?”

ఆయన సంచీలోంచి పంచాంగం తీసి రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కమలిని వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

“విడాకుల కేసు నేను మంచి ముహూర్తం చూసి వేసినాను మేడమ్, గెలిచి కూర్చున్నాను. గెలిచినోడు అప్పీలు వేసేదానికి లేదంట. ఆమె వేసేదన్నా గెలవాల గదా!”